స్వాతి మూడో పాదం

మగ్గాల వీధిలో ఇప్పుడు వాన సంగతి మనుషుల్ని ఎవరూ అడగరు. జేబులోంచి ఫోను తీస్తారు, బొటనవేలితో నాలుగుసార్లు పైకి తోస్తారు, మళ్లీ జేబులో పెట్టేసుకుంటారు. అరుగు మీద కూర్చున్న బంగారరాజు ఈ తతంగాన్ని రోజుకు పదిసార్లు చూస్తాడు. చూసి, చూడనట్టే గోడకున్న పంచాంగం క్యాలెండరు వైపు తిరుగుతాడు.

బండారులంకలో ఆ వీధి పొడుగూతా ఒకప్పుడు మగ్గాలే. ఇప్పుడు ఆడుతున్నది ఒక్కటి, పక్కింటి మాధురిది. ఆ చప్పుడు మొదలైతే బంగారరాజుకు పొద్దు మొదలైనట్టు. ఆగితే ఏం తెగిందో, పోగా, అమ్మాయి ఓపికా, అని చెవి అటే పడేస్తాడు. డెబ్భై ఒకటో ఏట మిగిలిన పని అదొక్కటే. ఆయన సొంత మగ్గం గుంట మీద బల్లలు పరిపించి, చిట్టెమ్మ దాని మీద బియ్యం డ్రమ్ము పెట్టించింది.

"బాగున్నారాండీ?" అంటూ శివప్రసాద్ సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆన్చాడు. అమలాపురం రోడ్డులో జిరాక్సు షాపు అతనిది. మూడేళ్ల కిందటి దాకా నేతగాడు.

"ఆయ్, బాగున్నాను. షాపుకేనా?"

"ఆయ్."

అంతే. సైకిలు వెళ్లిపోయింది. మూడేళ్ల కిందటైతే శివప్రసాద్ సైకిలు స్టాండు వేసి, అరుగు ఎక్కి, ఎల్లుండి పడుగు సాచుకోవచ్చా బంగారరాజు గారూ అని అడిగేవాడు. అడగకుండా ఆ వీధిలో ఎవరూ పడుగు నూలుకు పట్టించే గంజి పొయ్యి మీద పెట్టేవారు కాదు. ఒకనాడు ఆయన సరేనన్నాడు, ఆరిళ్లవాళ్లు వీధిలో ఆరు పడుగులు సాచారు, ఎనిమిదిన్నరకు వాన కొట్టింది. సగం ఆరిన గంజి తడిసి పోగుకు పోగు అంటుకుపోయింది. ఆరూ పారెయ్యవలసి వచ్చింది.

ఆ రోజు ఎవరైనా అరుగు ముందు నిలబడి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. కోనసీమవాళ్లకు తిట్టడమూ మర్యాదగానే వచ్చు, అదీ చెయ్యలేదు. "పర్లేదండి, మీరు మాత్రం ఏం చేస్తారండి" అన్నారు. అప్పటినుంచి అడగడం మానేశారు. పక్కింటి సత్యమైతే, పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ, యాభై ఏళ్లుగా 'బావా, నువ్వు' అంటూ వచ్చినవాడు, ఆ మర్నాటినుంచి 'అండీ' అనడం మొదలెట్టాడు. మగ్గం కోడలు మాధురికి అప్పగించి తాటిపాకలో ఎవరిదో గోడౌనుకు రాత్రి కాపలాకు కుదిరాడు. పొద్దుటే మొదటి బస్సుకు దిగి, "కాఫీలయ్యేయాండీ" అంటూ బంగారరాజును దాటుకుని ఇంట్లోకి వెళ్లిపోతాడు. ఆ 'అండీ' బంగారరాజుకు రోజూ గుచ్చుకుంటుంది.

మంగళవారం మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. చాలాసేపటిదాకా మళ్లీ మొదలవలేదు. తరవాత మాధురే చెంగుకు చేతులు తుడుచుకుంటూ అరుగు ముందుకు వచ్చి నిలబడింది. ముప్ఫై దాటని పిల్ల. భర్త అమలాపురంలో ఆటో తోలుతాడు.

"పెదనాన్నగారూ, ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడుగమ్మా."

"వందో నంబరు సన్న నూలు పడుగు ఒకటి వచ్చిందండి. సొసైటీవాళ్లు మిల్లు గంజి పనికిరాదు, వీధిలో సాచి పెట్టిన గంజే కావాలన్నారు. ఇది గాని చెడిపోతే మళ్లీ నూలివ్వం అని ముందే చెప్పేసేరు. మా ఆయనేమో మగ్గం ఎత్తేసి రొయ్యల షెడ్డుకు పొమ్మంటన్నారు." ఆమె ఫోను ముందుకు చాచింది. "గురువారానికి ఇది వాన నలభై శాతం అంటాదండి. నలభై శాతం అంటే గంజి కాయమనాండీ, వద్దనా?"

బంగారరాజు ఫోను వంక చూశాడు. మబ్బు బొమ్మ, దాని కింద మూడు చినుకులు, పక్కన సగం సూర్యుడు. ఎవరినీ నొప్పించకుండా అందరికీ తలో ముక్కా ఇచ్చారనుకున్నాడు.

"మీరు చెప్పండి పెదనాన్నగారూ. గురువారం పడుగు సాచుకోవచ్చాండీ?"

మూడేళ్లు. ఈ ఒక్క మాట కోసం ఆయన మూడేళ్లుగా అరుగు దిగలేదు.

"రేపు చెప్తానమ్మా," అన్నాడు.

ఇంట్లోకి వచ్చి మంచం కింది రేకుపెట్టె బయటికి లాగుతుంటే చిట్టెమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. మొగుడి ముఖంలో ఆ వెలుగు ఆమెకు తెలుసు, చాలాకాలమైంది చూసి.

"ఎవరో అడిగినట్టున్నారు."

"పక్కింటి అమ్మాయి."

"అందుకనా నడుం నెప్పి కూడా మర్చిపోయేరు. నేనడిగితే ఒక్కనాడైనా పెట్టె లాగేరా?"

"నువ్వేం అడిగేవు? వడియాలు పెట్టుకోవచ్చా అని."

"వడియాలు తడిసినా తినేదాన్నండి. చెప్పిన పాపాన పోలేదు," అని నవ్వుతూ లోపలికి వెళ్లింది.

పెట్టె నిండా పంచాంగాలు. ముప్ఫై ఎనిమిది. ఒక్కో పదిటిని మగ్గం మీద మిగిలిన పోగులు పేని కట్టాడు. ప్రతి కార్తె పక్కనా అంచులో పెన్సిలుతో ఆయన రాత. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కొక్కదానిలో సూర్యుడు పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఆ కాలమే కార్తె. దాన్ని మళ్లీ నాలుగు పాదాలు చేస్తారు, పాదానికి మూడు రోజుల పైచిలుకు. పొలం వాళ్లు కార్తె చూసుకుంటే చాలు. పడుగు సాచేవాడికి పాదం కావాలి, పాదంలో పూట కావాలి. రెండు గంటల పొడి పూట దొరికితే వాడి పని అయిపోతుంది. ఆ రెండు గంటల కోసమే వాళ్ల నాన్న ఆయనకు చిన్నప్పుడు ఈ లెక్క నేర్పాడు.

గురువారం అంటే స్వాతి మూడో పాదం. ఆ ఆరు పడుగులూ తడిసిందీ ఈ పాదంలోనే. ఆయన వేళ్లు ఆగిపోయాయి.

పాత కట్టలు విప్పాడు. పాతికేళ్ల కిందటి స్వాతి పక్కన ఒక్కటే గీత. 'మొదటి పాదం జల్లు. తరవాత పొడి. మంచు.' ఆ తరవాతి ఏడూ అంతే. ఏళ్లకేళ్లు అదే మాట, అదే పెన్సిలు. స్వాతి రెండో పాదం దాటితే మబ్బు సర్దుకుని వెళ్లిపోయేది, పొద్దుటే కొబ్బరాకుల చివర మంచు వేలాడేది, లేత ఎండకు గంజి పెళుసెక్కకుండా ఆరేది. ఆ ఎండ వాసన ఆయనకు ఇప్పటికీ తెలుసు. గంజిలో కలిపే కొబ్బరినూనె వాసన, తడి నూలు వాసన, వీధి ఈ చివరినుంచి ఆ చివరికి తెల్లటి పడుగులు, వాటికి అటూ ఇటూ ఒకే అడుగులో నడిచే మనుషులు. ఒక్కసారి మళ్లీ ఆ వీధిలో నిలబడాలని ఆయనకు ఎంత ఉందో చిట్టెమ్మకు కూడా చెప్పలేదు.

కొత్త పంచాంగాల్లో అంచులు చాల్లేదు. ఎనిమిదేళ్లుగా రాత పక్క కార్తెల్లోకి పాకింది. ఆర్ద్రలో ఎండలు, చిత్తలో వడగాలి, విశాఖలో వరద. చోటు చాలక రాత అడ్డంగా తిప్పి రాశాడు. నక్షత్రం పేరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. సూర్యుడు స్వాతిలోకి ఏ గంటకు వస్తాడని పంచాంగం వేసిందో ఆ గంటకే వస్తున్నాడు. పైన వేళ తప్పలేదు. కిందే ఏదో తప్పింది.

మూడేళ్ల కిందటి పేజీ ఒక్కటే ఖాళీ. తేదీ వేసి వదిలేశాడు. అక్కడ ఏం రాయాలో ఆయనకు తెలుసు.

ఆనాడు తెల్లవారకుండానే లేచి పెరట్లో నిలబడితే సముద్రం హోరు వినబడింది. బండారులంకకు సముద్రం దూరమే అయినా గాలి లేని తెల్లవారుజామున ఆ హోరు వస్తుంది. దక్షిణంనుంచి వస్తే రోజు పొడి. తూర్పునుంచి వస్తే వాన దగ్గర్లో ఉందని నాన్న చెప్పాడు. ఆ రోజు తూర్పునుంచి వచ్చింది. ఆయన విన్నాడు. అప్పటికే ఆరిళ్లలో గంజి చల్లారబెట్టి ఉంది, వీధిలో గడలు పాతుతున్నారు. రాత్రి చెప్పిన మాట పొద్దుటే తిప్పుకుంటే ఏం బాగుంటుంది? ముప్ఫై అయిదేళ్లు తప్పని లెక్క ఇవాళ మాత్రం ఎందుకు తప్పుతుంది? ఆ మాట నోట్లోనే ఉంచుకుని వీధిలోకి వెళ్లి, కానివ్వండి, అన్నాడు.

పెన్సిలు తీశాడు. ఆ ఖాళీలో 'తూర్పు హోరు' అని రాసి, పెట్టె మూసేశాడు.

బుధవారం పొద్దుట మాధురి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు బంగారరాజు.

ఆమె ముఖం చిన్నబోయింది. "తిథి బాలేదాండీ?"

"తిథి బాగుంది, పాదం బాగుంది. పుస్తకం ప్రకారం ఇంతకంటే మంచి రోజు లేదు. ఆ పుస్తకం చూసే ఆరిళ్ల పడుగులు ముంచేను. రేపు వాన వస్తుందో రాదో నాకు తెలీదు. నీ ఫోనుకూ తెలీదు, అందుకే నలభై అంది."

"మరి ఎలాగండీ?"

"గంజి కాయి. చెయ్యి తిరిగిన నలుగురూ, కప్పడానికి బరకాలూ ఉంటే వాన వచ్చినా పడుగు చావదు. వాటి సంగతి నేను చూస్తాను."

చూస్తానని అనేశాడు గాని, అరుగు దిగాక కాళ్లు ఒక పట్టాన సాగలేదు. ముప్ఫై ఏళ్లపాటు జనం తన గుమ్మానికి వచ్చారు. తను ఇంకొకరి గుమ్మానికి అడగడానికి వెళ్లిన గుర్తే లేదు.

మొదట వీధి చివర విజయ్ కుమార్ మాస్టారింటికి వెళ్లాడు. హైస్కూల్లో సైన్సు చెబుతాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, జాతకాల మాటెత్తితే మర్యాదగా నవ్వి ఊరుకుంటాడు. ఆయన కారు వీధిలో సగం ఆక్రమించి ఉంటుంది.

"రేపు తెల్లారేసరికి కారు తీయించాలండి మాస్టారూ. పడుగు సాచాలి."

"తప్పకుండానండి. అయినా ఈ రోజుల్లో వాన నమ్మకం లేదు కదండీ. సముద్రం వేడెక్కిపోయింది. ఎప్పుడు ఆవిరి లేస్తుందో, ఎక్కడ పడుతుందో మా లెక్కలకే అందడంలేదు."

"అయితే నక్షత్రాల తప్పు కాదంటారు."

"నక్షత్రాలేం చేసేయండి పాపం. ఎంత దూరంలో ఉన్నాయి అవి." మాస్టారుకు ఏదో గుర్తొచ్చింది. "మీరు వానలు రాసి పెట్టేరటగా ముప్ఫై ఏళ్లవి. మా పిల్లలకు ఒకసారి చూపిస్తారా?"

"చూపిస్తాను. మీ బరకం ఇస్తారా?"

"ఇస్తాను. పట్టుకోడానికి నేనూ వస్తాను."

శివప్రసాద్ షాపులో మిషను ఎవరివో ఆధార్ కార్డులు తీస్తోంది. బంగారరాజు కౌంటరు పట్టుకు నిలబడ్డాడు. రేపటి పని చెప్పాడు. తరవాత, "ఆ రోజు సంగతి నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"ఆయ్, పాత సంగతులెందుకండీ ఇప్పుడు," అంటూ శివప్రసాద్ కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు. ఆ మర్యాదకు అడ్డం పడి చెప్పడం బంగారరాజు వల్ల కాలేదు.

"బరకం ఉందాండీ నీ దగ్గర?" అన్నాడు. తనకంటే ముప్ఫై ఏళ్లు చిన్నవాణ్ణి, 'అండీ' అని.

శివప్రసాద్ తల ఎత్తాడు. "వడ్ల మీద కప్పే పెద్దది ఉందండి. పంపిస్తాను."

ఆరిళ్లూ తిరిగాడు. ఇద్దరు లేరు, ఒకరు వస్తామన్నారు, ఒకరు చూద్దామన్నారు. సత్యం ఇంట్లో లేడు, తాటిపాక బస్సెక్కేశాడు. సాయంత్రం మాధురి పెరట్లో గంజి ఉడుకుతుంటే చిట్టెమ్మ వెళ్లి అడిగీ అడగకుండానే గరిటె అందుకుంది. మూడేళ్లుగా మూలన పడి ఉన్న గంజి కుంచెను బంగారరాజు కొబ్బరినూనె రాసి, ఈనెలు విడదీసి, దువ్వాడు.

గురువారం తెల్లారేసరికి మబ్బు పల్చగా ఉంది. కారు లేని వీధి వెడల్పుగా కనిపించింది. మాధురి, ఆమె భర్త, బంగారరాజు, చిట్టెమ్మ, అంతే ఉన్నారు. గడలు పాతి, పడుగును వీధి పొడుగునా లాగి, నడుమ బద్దలు దూర్చి పోగులు విడదీశారు. తరవాత గంజి. మాధురి అటు, బంగారరాజు ఇటు, కుంచె చెరో చివరా పట్టుకుని ఒకే అడుగులో నడిచారు. చెయ్యి మరిచిపోలేదు. తెగిన పోగు తగిలితే ఆగి, ఉమ్మితో తడిపి, రెండు వేళ్ల మధ్య పేని, మళ్లీ నడిచారు. రెండు విడతలయ్యేసరికి ఆయన నడుం పట్టేసింది. అయినా ఆపలేదు. ఆ వాసన మళ్లీ వీధిలో ఉంది. ఒక్క పడుగే, పక్కన అయిదు పడుగుల చోటు ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని చూడకుండా నడవడం ఆయనకు చాలా కష్టమైంది.

మూడో విడతలో నిలబడిపోయాడు.

"ఏంటండీ?" అంది మాధురి.

హోరు. ఎక్కడో చాలా దూరంగా. దక్షిణంనుంచేనేమో, తూర్పునుంచేమో. చెవులు మునుపటిలా లేవు, రోడ్డు మీద లారీ కూడా కావచ్చు. చెప్పి, రాకపోతే, ముసలాయనకు చాదస్తం అంటారు. అప్పుడూ సరిగ్గా ఇలాగే అనిపించింది.

"నాకు తూర్పునుంచి హోరు వినిపిస్తోంది," అని గట్టిగా అన్నాడు. "తప్పే కావచ్చు. నాకు సరిగ్గా తెలీడంలేదు. అయినా బరకాలు తీయండి."

మాధురి భర్త ఫోను తీయబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. ఇంటింటికీ పరుగెత్తాడు. విజయ్ కుమార్ మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. శివప్రసాద్ షాపు తెరవకుండా సైకిలు మీద బరకం వేసుకుని వచ్చాడు. చూద్దామన్నవాళ్లు కూడా అరుగులు దిగారు. తడి పడుగు మీద బరకం ఆనకూడదు, ఆనితే గంజి లేచిపోతుంది. అటొకరూ ఇటొకరూ నిలబడి పందిరిలా ఎత్తి పట్టుకోవాలి. ఒక బరకం దగ్గర ఒక మనిషి తక్కువయ్యాడు. దాని ఒక అంచు బంగారరాజు చేతిలో, ఎదుటి అంచు గాలిలో ఉన్నాయి.

అదే సమయానికి సత్యం బస్సు దిగి వచ్చాడు. చేతిలో క్యారియర్, భుజాన తువ్వాలు, కళ్లలో రాత్రి కాపలా. వీధిలో వరసగా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. కోడలి పడుగును చూశాడు. క్యారియర్ అరుగు మీద పెట్టి వచ్చి ఎదుటి అంచు అందుకున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. ఒక్కొక్కటిగా, తరవాత దబదబా. బరకం మీద చప్పుడుకు దాని కింద ఇద్దరి మాట పక్క బరకానికి వినబడదు. పడుగుకు అటు సత్యం, ఇటు బంగారరాజు, మధ్యలో తెల్లటి పోగులు పొడిగా ఉన్నాయి. చేతులు పైకెత్తి ఇద్దరూ ఒకరినొకరు చూసుకోక తప్పని చోట నిలబడ్డారు.

"ఆ రోజు నేను హోరు విన్నాను," అన్నాడు బంగారరాజు. "తూర్పునుంచి. అప్పటికింకా మీరెవరూ పడుగు సాచలేదు. చెప్పి ఉంటే ఆరూ దక్కేవి. మాట పోతుందని చెప్పలేదు."

సత్యం విననట్టే ఉన్నాడు. బరకం మీద నీళ్లు గుంటకట్టి బరువెక్కితే మోచేత్తో కిందనుంచి ఎత్తి పక్కకు దొర్లించాడు.

"నేనూ విన్నాను," అన్నాడు.

బంగారరాజు చేతులు కొద్దిగా కిందకి దిగాయి.

"పైకి పట్టు, పడుగుకు తగుల్తుంది," అన్నాడు సత్యం. "నువ్వు వీధిలోకి వచ్చేసరికి గంజి గిన్నె పట్టుకుని నీ పక్కనే నుంచున్నాను కదా. వింటూనే ఉన్నాను. నువ్వు చెప్తావని చూసేను. నువ్వేమో కానివ్వండి అన్నావు. బావే అన్నాడంటే నా చెవులదే తప్పనుకున్నాను." బరకం అంచు బిగించి పట్టుకున్నాడు. "నా నోటితో నేనొక్క మాట అని ఉంటే అయిపోయేది. మూడేళ్లనుంచీ నీ ముఖం చూడలేకపోతున్నాను."

బంగారరాజుకు కళ్లు నిండాయి. రెండు చేతులూ పైన ఉన్నాయి, తుడుచుకోడానికి లేదు. సత్యమూ తుడుచుకోలేదు.

వాన పావుగంటకు పల్చబడింది. వీధి చివరనుంచి మాధురి ఒక్కో బద్ద దగ్గరా వంగి పోగులు వేళ్లతో మీటి చూసుకుంటూ వస్తోంది. వచ్చి, అంటుకోలేదండీ, అంది. ఎవరో బరకం దించబోయారు.

"ఉండండి," అన్నాడు సత్యం. తరవాత ఇటు తిరిగి, మెల్లగా అడిగాడు. "ఇప్పుడు హోరేమంటోంది బావా? దించొచ్చా?"

బంగారరాజు తల ఒక పక్కకు వంచి విన్నాడు. నీళ్లు కారే చూరులు, కొబ్బరాకులు, వాటి అవతల ఏదో ఉంది, సరిగ్గా అందడంలేదు.

"నాకు తెలీడంలేదు," అన్నాడు. "నీకేం వినబడుతోంది?"

సత్యం కూడా తల వంచాడు. వీధిలో అందరూ మాటలు ఆపేశారు. బరకం అలాగే ఎత్తి పట్టుకుని ఇద్దరూ వింటూ నిలబడ్డారు.